కోనన్ ఓబ్రయన్‌ను ఎన్‌బీసీ తీసేసిందన్న మాటలో నిజమెంత?

“రేటింగులు తెచ్చుకోలేక ఏడు నెలలకే కోనన్ ఓబ్రయన్‌ను ‘టునైట్ షో’ నుంచి తీసేశారు. నాలుగున్నర కోట్ల డాలర్లు జేబులో వేసుకుని పోయాడు. అంతటితో అతని పనైపోయింది.” అమెరికా లేట్ నైట్ షోల (రాత్రి పొద్దుపోయాక వచ్చే హాస్య, ఇంటర్వ్యూ కార్యక్రమాల) ప్రస్తావన వస్తే చాలు, ఈ మాట తిరుగుతుంది. ‘టునైట్ షో’ ఎన్‌బీసీ చానల్‌లో రాత్రి 11:35కి వచ్చే అలాంటి షోనే, అప్పట్లో కోనన్ దాని హోస్టు. ఏడు నెలలన్నది నిజమే, రేటింగులు పడ్డదీ నిజమే. మిగతాదే తప్పు.

“తీసేశారు.” లేదు. 2010 జనవరిలో ఎన్‌బీసీ వేసిన లెక్క ఇది: రాత్రి 11:35కి, కోనన్‌కు ముందు టునైట్ షో నడిపిన జే లెనో అరగంట, 12:05కి కోనన్‌తో టునైట్ షో, 1:05కి మరో హోస్టు జిమ్మీ ఫాలన్ షో. అంటే షో కోనన్ చేతిలోనే ఉంటుంది, వేళే మారుతుంది. కాంట్రాక్టులో టునైట్ షో అతనిదని ఉంది కానీ 11:35కే వెయ్యాలని లేదని అప్పటి వార్తలు. ఎన్‌బీసీకి దొరికిన సందు అదే. లోకల్ న్యూస్ వెంటే వచ్చే షోను అర్ధరాత్రి దాటిస్తే దాన్ని పాడుచేసినట్టేనని, తాను ఒప్పుకోనని జనవరి 12న కోనన్ ప్రకటన ఇచ్చాడు. 22న ఆఖరి షో చేశాడు.

“రేటింగులు తెచ్చుకోలేకపోయాడు.” ఇక్కడే కాస్త ఆగాలి. 2009 జూన్ 1న కోనన్ మొదలుపెట్టాడు. ఆ వేసవిలోనే మొత్తం ప్రేక్షకుల్లో పోటీ చానల్ సీబీఎస్‌లో షో చేసే డేవిడ్ లెటర్‌మన్ అతన్ని దాటాడు. కాబట్టి తప్పంతా లెనోదే అనే అభిమానుల వాదనా నిలవదు. కానీ సెప్టెంబరు 14 నుంచి ఎన్‌బీసీ వారానికి ఐదు రాత్రులు పదింటికి లెనో షో వేసింది. డ్రామా సీరియళ్ల కంటే అది చవక మరి. దాంతో వరస ఇలా తయారైంది: పదింటికి లెనో, పదకొండింటికి లోకల్ న్యూస్, 11:35కి కోనన్. చానల్ మార్చకుండా కూర్చున్నవాళ్లే తర్వాతి కార్యక్రమానికి ఆధారం. పదింటికే జనం జారుకుంటే న్యూస్‌కీ తగ్గుతారు, ఆపై టునైట్ షోకీ తగ్గుతారు. రాత్రి న్యూస్ ప్రకటనలు ఎన్‌బీసీ కార్యక్రమాలు వేసే లోకల్ స్టేషన్లకు పెద్ద ఆదాయం. అందుకే అవి తిరగబడ్డాయి, అదీ పదింటి షో మీద. అది ఎత్తేశాక లెనోకు చోటు కావాల్సివచ్చి ఎన్‌బీసీ 11:35 మీద పడింది.

అయినా ఏడు నెలలు ఏం కొలత? 1993లో లెటర్‌మన్ సీబీఎస్‌కు వెళ్లాక, అప్పుడు టునైట్ షో నడుపుతున్న లెనో దాదాపు రెండేళ్లు అతని వెనకే ఉన్నాడు. 1995లో నటుడు హ్యూ గ్రాంట్ ఇంటర్వ్యూతో గానీ దశ తిరగలేదు. లెటర్‌మన్ వదిలిన ఎన్‌బీసీ షో ‘లేట్ నైట్’ను అదే 1993లో అందుకున్న కోనన్‌కూ మొదట్లో కాంట్రాక్టు కొన్ని వారాలకోసారి పొడిగించేవారు. చివరికి అక్కడే 2009 దాకా నడిపాడు.

“నాలుగున్నర కోట్లు జేబులో.” అది కోనన్ తప్పుకునేందుకు ఎన్‌బీసీతో కుదిరిన మొత్తం ఒప్పందం విలువ. అందులో సుమారు 3.3 కోట్లు అతనికి, 1.2 కోట్లు సిబ్బందికి. ఈ షో కోసం వాళ్లలో చాలామంది న్యూయార్క్ వదిలి లాస్ ఏంజెలస్ వచ్చారు. పైగా ఆ సెప్టెంబరు దాకా అతను టీవీలో షో చేయకూడదన్న షరతు.

“పనైపోయింది.” షరతు టీవీకే కాబట్టి ఏప్రిల్‌లో స్టేజీ షోలతో ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. నవంబరు 8న కేబుల్ చానల్ టీబీఎస్‌లో కొత్త షో వచ్చింది, 2021 జూన్ దాకా సాగింది. కేబుల్ కాబట్టి అక్కడ ప్రేక్షకులు తక్కువే. 2018లో పెట్టిన పాడ్‌కాస్ట్ ఇంకా పెద్ద మలుపు: 2022లో రేడియో సంస్థ సిరియస్ ఎక్స్ఎం అతని కంపెనీ టీమ్ కోకోను కొనేసింది. 2025 మార్చిలో ఆస్కార్ వేదిక మీద హోస్టు అతనే, అదే నెలలో హాస్యానికి ఇచ్చే మార్క్ ట్వెయిన్ ప్రైజ్ కూడా అందుకున్నాడు.