నీహారికకు ఒక మందలింపు

నెల్లూరులో మేడ మీద టెలిస్కోపు పెట్టుకుని, మృగశిర దాపున ఉన్న మహానీహారికను, అంటే అంతరిక్షంలోని ఓ పెద్ద వాయుమేఘాన్ని, ఫోటో తీయాలని మూడు శీతాకాలాలుగా పాటుపడుతున్న నేను, ఎంతో ఆలోచించిన మీదట, తప్పంతా ఆ నీహారికదేనన్న నిర్ణయానికి వచ్చాను. సుమారు 1,300 ఏళ్లు ఎక్కడా ఆగకుండా వచ్చిన వెలుగు, మా వీధి ఎల్‌ఈడీ దీపం దగ్గరకు రాగానే కళ్లు బైర్లు కమ్మి తప్పిపోతోందంటే, దాన్ని పంపినవారి బాధ్యతారాహిత్యం కాక మరేమిటి? పాత సోడియం దీపాలది పసుపు ఒక్కటే కనుక ఫిల్టరు బిగిస్తే చాలావరకు తప్పుకునేవి. ఎల్‌ఈడీ పక్షపాతం లేకుండా అన్ని రంగులలోనూ సేవ చేస్తుంది.

పైగా అది వచ్చే వేళలు చూడండి. అక్టోబరులో అర్ధరాత్రికి కాస్త ముందు తూర్పున తొంగిచూస్తుంది. ఈశాన్య రుతుపవనాలు వాయుగుండాలను వెంటబెట్టుకుని మన తీరానికి వచ్చేదీ అప్పుడే. ఆకాశం తేటపడేసరికి మాఘమాసపు ముహూర్తాలు, వీధికో పెళ్లి పందిరి, పందిరి నిండా సీరియల్ బల్బులు. పంచాంగం చూసుకుని ఉదయించే ఇంగితం కూడా దానికి లేదు.

ధ్రువ నక్షత్రం సైతం దీనితో కుమ్మక్కైంది. భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపు తిరగాలంటే దాని పీఠాన్ని ధ్రువం వైపు గురిపెట్టాలి. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం ఎత్తూ దాదాపు అంతే కాబట్టి, నెల్లూరికి దక్కింది 14 డిగ్రీల చిల్లర. సరిగ్గా అక్కడ పక్కింటివారి వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంది. ధ్రువుడు అంతటి తపస్సు చేసి సంపాదించిన స్థానాన్ని అది ఏ తపస్సూ చేయకుండానే ఆక్రమించింది.

1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు ఇదే నీహారికను మొట్టమొదట ఫోటో తీశాడని గొప్పగా చెబుతారు. ఎడిసన్ న్యూయార్కులో కరెంటు అమ్మకం మొదలుపెట్టింది 1882లో. ఇక ఆయన గొప్పేముంది?

మొన్న నిమిషానికొకటి చొప్పున 120 ఫ్రేములు తీసి, కంప్యూటరులో ఒకదానిపై ఒకటి పేర్చాను. సగంలోనే కటకం మీద మంచు పేరుకుంది. నీహారమంటే మంచే కనుక ఆ మేరకు నా కృషి ఫలించినట్టే. మిగిలిన ఫ్రేములలోంచి తేలిన గులాబి రంగు మరకను పక్కింటి పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఏంది అబ్బయ్యా, రాత్రంతా మేలుకున్నది దీని కోసరమా? వెలుతురు చాల్లేదేమో. పాప పెళ్లికి ట్యాంకు మీద కూడా లైట్లు కట్టిస్తన్నాం, అప్పుడు తీసుకో."