బీటెక్ తొలి ఏడాది బ్యాక్‌లాగ్‌లు ఎక్కడ మొదలవుతాయి?

ఇంటర్ ఎంపీసీలో 900 దాటిన విద్యార్థి బీటెక్ మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పితే ఇంట్లో నింద ఫోన్ మీదికి, స్నేహాల మీదికి పోతుంది. ఫోన్ పాత్ర లేదనలేం. కానీ అంతకన్నా పెద్ద మార్పు ఒకటి జరిగింది. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా టైంటేబుల్ కాలేజీదే. వారం వారం పరీక్ష పెట్టేదీ, మార్కులు తగ్గితే ఇంటికి ఫోన్ చేసేదీ కాలేజీయే. బీటెక్‌లో మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష) దాదాపు ఎనిమిదో వారంలో వస్తుంది. అప్పటికి అయిదు యూనిట్లలో రెండున్నర అయిపోతాయి. అందాకా వెనకబడ్డావని చెప్పేవారుండరు. తొలి ఏడాది బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు, ఎక్కువగా ఈ ఎనిమిది వారాల్లోనే పుడతాయి.

రెండో చిక్కు ఛాయిస్. మొన్నటిదాకా ఇంటర్ గణితం 75 మార్కుల పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్నలు ఏడింటిలో అయిదు, ఏడు మార్కులవీ ఏడింటిలో అయిదు రాస్తే సరిపోయేది. ఒకటి రెండు చాప్టర్లు వదిలేసినా నష్టం ఉండేది కాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 నిబంధనల్లో (2022-23 నుంచి 2024-25 దాకా చేరిన బ్యాచ్‌లవి) ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష పేపర్, 60 మార్కులకు. పార్ట్ ఎలో ఒక్కో మార్కువి పది ప్రశ్నలు, యూనిట్‌కు రెండు. పార్ట్ బిలో యూనిట్‌కు ఒకటి చొప్పున అయిదు, ఒక్కోటి పది మార్కులు. ఛాయిస్ ఉంది కానీ ఆ యూనిట్ లోపలే. కాబట్టి ఒక యూనిట్ వదిలేస్తే 12 మార్కులు పోయినట్టే. ఇంటర్ అలవాటుతో రెండు యూనిట్లు పక్కన పెట్టినవారు 36 మార్కులకే పేపర్ రాస్తున్నారు. పాస్ కావాలంటే అందులోనే 21 తెచ్చుకోవాలి.

ఇంటర్నల్స్ లెక్క కూడా మొదటి వారమే తెలియాలి. ఆర్22లో ఇంటర్నల్స్ (మిడ్‌ల వంటివాటికి కాలేజీ వేసే మార్కులు) 40. పాస్ కావాలంటే అందులో కనీసం 14, ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, రెండూ కలిపి 40 ఉండాలి. ఇంటర్నల్స్‌లో 14తో సరిపెట్టుకుంటే ఎక్స్‌టర్నల్‌లో 26 కావాలి, 19 ఉంటే 21 చాలు. 70 మార్కుల ఎ గ్రేడ్ సంగతి చూస్తే తేడా ఇంకా పెద్దది. ఇంటర్నల్స్ 35 ఉన్నవారికి ఎక్స్‌టర్నల్‌లో 35 సరిపోతుంది, 20 ఉన్నవారు 60కి 50 తేవాలి. రెండు మిడ్‌ల సగటు తీస్తారు కనుక మొదటి మిడ్ పాడైతే రెండోది పూర్తిగా పూడ్చలేదు. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23లో ఎక్కువ వచ్చిన మిడ్‌కు 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. విద్యార్థికి కోలుకునే దారి వదిలిన ఈ పద్ధతే న్యాయమైనది. బ్యాచ్‌ను బట్టి, అటానమస్ కాలేజీని బట్టి ఇవి మారతాయి కాబట్టి తమ బ్యాచ్ రెగ్యులేషన్స్ పుస్తకం సీనియర్ల మాట మీద కాకుండా స్వయంగా చదువుకోవాలి.

గణితం విషయానికొస్తే, మొదటి యూనిట్లో రో ఆపరేషన్స్ (మాట్రిక్స్ అడ్డువరుసల మీద చేసే లెక్కలు) చేసేటప్పుడు గుర్తులు తప్పే అలవాటు పోకపోతే, రెండో యూనిట్లో ఐగెన్ విలువలు (మాట్రిక్స్ నుంచి రాబట్టే ప్రత్యేక సంఖ్యలు) కట్టేటప్పుడూ అదే జరుగుతుంది. సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు: ఐగెన్ విలువల మొత్తం మాట్రిక్స్ ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తానికి సమానం కావాలి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కు సమానం కావాలి. డబుల్ ఇంటిగ్రల్స్‌లో ఇంటిగ్రేషన్ వచ్చినవారే మార్కులు పోగొట్టుకుంటారు. ప్రాంతం బొమ్మ గీయకుండా లిమిట్స్ వేయడమే దానికి కారణం. ఇంటిగ్రేషన్ క్రమం మార్చమన్న ప్రశ్నలో బొమ్మ లేకుండా దిగితే దాదాపు తప్పు ఖాయం.

సి ప్రోగ్రామింగ్‌ది వేరే జబ్బు. రికార్డులో ప్రోగ్రాం చూసి ఎక్కిస్తారు, ల్యాబ్ పరీక్షలో అది నడవదు. ఇన్‌పుట్ తీసుకునే స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ (& గుర్తు) మరిచిపోతారు, పోల్చాల్సిన చోట రెండు ఈక్వల్ గుర్తులకు బదులు ఒకటే వేస్తారు, మొత్తం కూడే వేరియబుల్‌కు మొదట సున్నా ఇవ్వరు. పది వరుసల ప్రోగ్రాం తీసుకుని, లూప్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడు వేరియబుల్స్ విలువలేమిటో కాగితం మీద పట్టిక వేసి, ఆ తర్వాత టైప్ చేస్తే ఈ తప్పులు కంటబడతాయి. ఇంజినీరింగ్ డ్రాయింగ్ షీట్‌కీ ఇదే వర్తిస్తుంది. సీనియర్ షీట్ కింద పెట్టి గీసిన చేతికి ప్రొజెక్షన్స్ రావు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి విషయం తెలిసినా ఇంగ్లిష్‌లో రాయడానికి వాక్యం దొరకదు. ముందు కావలసింది స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాదు. ప్రతి యూనిట్ నుంచి నిర్వచనాలు, సూత్రాలు సొంతంగా రెండేసి వాక్యాల్లో రాసి లెక్చరర్‌కు చూపించుకుంటే చాలు. పార్ట్ ఎ పది మార్కులు అక్కడినుంచే వస్తాయి.

హాజరు 75 శాతం ఉండాలి. 65కి పైన ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) తీసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్. 90 పని దినాల సెమిస్టర్‌లో 22 రోజులు పోయినా 75 నిలుస్తుంది, 31 దాటితే సెమిస్టరే పోతుంది. పీరియడ్ల లెక్కన చూస్తే మూడు పీరియడ్ల ల్యాబ్ ఎగ్గొట్టడం మూడు క్లాసులు మానడమే. పండక్కి ఊరెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవారు ఆ రోజు ల్యాబ్ ఉందో లేదో చూసుకోవాలి.

ఇదంతా పద్దెనిమిదేళ్ల పిల్లల తలమీదే పెట్టడం అన్యాయం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ విడతల వారీగా సాగి, చివరి విడతలోనూ స్పాట్ అడ్మిషన్లలోనూ చేరినవారు వచ్చేసరికి మొదటి యూనిట్ అయిపోతుంది. వారికి సాయంత్రం క్లాసులు పెట్టే బాధ్యత కాలేజీదే. మొదటి ఆరు వారాలు ప్రతి శనివారం ఒక్కో సబ్జెక్టులో పదిహేను నిమిషాల పరీక్ష, మార్కులు ఇంటర్నల్స్‌లో కలపకుండా, సోమవారానికి దిద్దిన కాగితం చేతికి ఇవ్వాలి. ఖర్చు తెల్ల కాగితాలే. కాలేజీ పెట్టకపోతే నలుగురు రూమ్మేట్లు పాత ప్రశ్నపత్రం నుంచి ఒక పార్ట్ బి ప్రశ్న తీసుకుని, ఇరవై నిమిషాలు గడియారం చూసుకుని రాసి, ఒకరిది ఒకరు దిద్దుకోవచ్చు. రెండు వారాలు వరుసగా సగం మార్కులు రాని యూనిట్ ఏదో, ఆ యూనిట్‌తోనే మూడో వారం లెక్చరర్ దగ్గరికి వెళ్లాలి.