రెండు యూనిఫాంలు, ఒక పింఛను

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ యుద్ధం తాలూకు పింఛను మాత్రం 2020 మే దాకా నెలకు 73 డాలర్ల 13 సెంట్ల చొప్పున ఒకరికి అందుతూనే వచ్చింది. అందుకున్నది నార్త్ కరోలినాలోని విల్క్స్‌బరోలో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న ఐరీన్ ట్రిప్లెట్. ఆ నెల 31న తొంభయ్యేళ్ల వయసులో ఆమె కన్నుమూశాక గానీ ప్రభుత్వం ఆ ఖాతా మూయలేదు. ఆమె ఆ యుద్ధంలో పోరాడిన సైనికుడి సొంత కూతురు.

ఇదెలా సాధ్యమన్న లెక్క తేలికే. తండ్రి మోజ్ ట్రిప్లెట్ 1846లో పుట్టాడు. మొదటి భార్య పిల్లలు లేకుండానే పోయాక, 1924లో డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో తనకన్నా చాలా చిన్నదైన ఎలైడా హాల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఐరీన్ పుట్టేనాటికి ఎలైడాకు ముప్పై నాలుగేళ్లు, ఆయనకు ఎనభై మూడేళ్లు. చాలా పత్రికలు ఈ వింత దగ్గరే ఆగిపోయాయి. నాకు మాత్రం ఆ పింఛను ఏ సైన్యంలో చేసిన కొలువుకు వచ్చిందన్నదే అసలు విషయంగా కనిపిస్తుంది.

మోజ్ మొదట చేరింది దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ సైన్యంలో. 1862లో 53వ నార్త్ కరోలినా పదాతి దళంలో చేరి, తర్వాత 26వ దళానికి మారాడు. 1863 జూన్‌లో ఆ దళం ఉత్తరాదిపై దండయాత్రకు కదులుతుండగా జబ్బుపడి వర్జీనియాలోని డాన్‌విల్ ఆసుపత్రిలో చేరి, అక్కడి నుంచి పారిపోయాడు. జూలై మొదటి మూడు రోజుల్లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర జరిగిన పోరులో ఆ దళంలోని సుమారు ఎనిమిది వందల మందిలో నూటికి ఎనభై మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. మరుసటి ఏడాది అతను కొండలు దాటి టెనెసీలోని నాక్స్‌విల్ చేరి ఉత్తరాది యూనియన్ పక్షాన 3వ నార్త్ కరోలినా మౌంటెడ్ ఇన్‌ఫాంట్రీలో (గుర్రాల మీద కదిలే పదాతి దళం) పేరు రాయించుకున్నాడు. కర్నల్ జార్జ్ కిర్క్ నడిపిన ఆ దళం సొంత రాష్ట్రంలోనే దాడులు చేసి ఇరుగుపొరుగు ద్వేషాన్ని మూటగట్టుకుంది.

దీన్ని ద్రోహమని తేల్చేయడం తొందరపాటు. పడమటి నార్త్ కరోలినా కొండల్లో బానిసలున్న పెద్ద కమతాలు తక్కువ, చిన్న రైతులే ఎక్కువ. యుద్ధంలో ఎటు నిలవాలో అక్కడి ఊళ్లే తేల్చుకోలేకపోయాయి. పైగా 1862 ఏప్రిల్ నుంచి దక్షిణాదిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లో ఉంది. పదిహేడేళ్ల కుర్రాడి ఫిరాయింపులో ప్రాణభయమెంత, నమ్మకమెంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. ప్రభుత్వానికి ఆ అవసరమూ రాలేదు. అప్పట్లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పింఛను యూనియన్ సైనికులకే. కాన్ఫెడరేట్ల బాధ్యత వారి వారి రాష్ట్రాలది. గౌరవంగా విడుదలైనట్టు కాగితమే ముఖ్యం. సైనికుడి ఎదిగిన పిల్లలైనా చిన్ననాటి నుంచే తమను తాము పోషించుకోలేని స్థితిలో ఉంటే వారికి పింఛను హక్కు జీవితాంతం సాగుతుంది. ఐరీన్‌కూ తల్లికీ మానసిక వైకల్యం ఉండేది. ఐరీన్‌కు పింఛను దక్కింది ఆ నిబంధన కిందే.

ఊరి జ్ఞాపకం మాత్రం అంత ఉదారంగా లేదు. తండ్రి ద్రోహి అంటూ బడిలో పిల్లలు తనను ఏడిపించేవారని ఐరీన్ ముసలితనంలోనూ చెప్పుకుంది. 1943లో తల్లీకూతుళ్లు విల్క్స్ కౌంటీ నిరుపేదల ఆశ్రమానికి చేరారు. యుద్ధంలో ఏ పక్షాన చేరితే లాభమని మోజ్ లెక్క వేశాడనుకున్నా, ఆ లాభం అతని ఇంటిని దారిద్ర్యం నుంచి కాపాడలేకపోయింది. మిస్సోరీలో హెలెన్ జాక్సన్ అనే మరో స్త్రీ పదిహేడేళ్లప్పుడు, 1936లో తొంభై మూడేళ్ల యూనియన్ సైనికుణ్ణి పెళ్లాడి, అసలు పింఛనుకు దరఖాస్తే చేయలేదు. ఆ సంగతి లోకానికి తెలిసింది ఆమె చివరి రోజుల్లోనే.

1938 వేసవిలో గెటిస్‌బర్గ్ యుద్ధపు 75వ వార్షికోత్సవానికి రెండు పక్షాల మాజీ సైనికులు 1800 మందికి పైగా వచ్చారు. తొంభై దాటిన మోజ్ కూడా వెళ్లాడు. డెబ్బై అయిదేళ్ల కిందట ఏ పోరు నుంచి తప్పించుకున్నాడో ఆ నేల మీదే కొన్ని రోజులు గడిపి ఇంటికి వచ్చి, జూలై 18న చనిపోయాడు. ఆయన సమాధి మీది రాతిలో అంతర్యుద్ధ సైనికుడని మాత్రమే ఉంది. ఏ పక్షమో చెక్కలేదు.