మట్టిలో పడితే ఏం కాదన్న మాట నమ్మకండి

వరంగల్, కరీంనగర్ వైపు బైక్ రైడర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘ఆఫ్‌రోడ్‌లో స్పీడ్ తక్కువ, నేల మెత్తన. హెల్మెట్, ఛాతీకి ఒక ప్లాస్టిక్ ప్లేట్ ఉంటే చాలు. మన ఎండల్లో అంతకు మించి వేసుకుంటే వడదెబ్బే. సీఈ ముద్ర డబ్బులు గుంజడానికి.’ (సీఈ అంటే యూరప్ భద్రతా నిబంధనలకు తగ్గట్టు ఉందని వస్తువు మీద వేసే ముద్ర.) కొత్తగా బండి కొన్న పిల్లలు దీన్ని నమ్ముతున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

అసలు మన దగ్గర మెత్తటి నేల ఎక్కడుంది? హన్మకొండ చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైట్ గుట్టలు. క్వారీ బాటల్లో మొరం కిందే బండరాయి. నల్లరేగడి మే నెలకల్లా నెర్రెలిచ్చి పెళ్లలు కట్టి ఉంటుంది. పైగా దెబ్బ నేల వల్లే తగలదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ లాంటి బండి 200 కిలోలకు దగ్గర. నిదానంగా పోతూ ఒరిగినా హ్యాండిల్ చివర పక్కటెముకల్లో పొడవొచ్చు, మోకాలు నేరుగా రాయికి కొట్టుకోవచ్చు. స్పీడ్ తక్కువైతే జారి ఒళ్లు గీరుకుపోవడం తగ్గుతుంది, నిజమే. పై నుంచి పడిన దెబ్బ మాత్రం తగ్గదు.

ఇక ఛాతీ ప్లేటు. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ముందు వెళ్లే బండి చక్రం ఎగరేసే రాళ్ల నుంచి కాపాడే ప్లేట్లకు యూరప్‌లో ఈఎన్ 14021 అనే ప్రమాణం ఉంది. కింద పడినప్పటి దెబ్బకు వేరు: ఛాతీకి ఈఎన్ 1621-3, వెన్నుకు 1621-2, భుజం, మోచేయి, మోకాలికి 1621-1. మొదటి రకం ప్లేటు కట్టుకుని రెండో రకం రక్షణ ఉందనుకుంటే ఎలా? వెన్ను ప్యాడ్ మీద 50 జౌళ్ల దెబ్బ కొట్టి, లోపలికి ఎంత బలం దాటిందో కొలుస్తారు. సగటున 18 కిలోన్యూటన్లు దాటకపోతే లెవెల్ 1, 9 దాటకపోతే లెవెల్ 2. అంటే లెవెల్ 2లో వెన్ను దాకా వచ్చేది సగమే.

అందుకే సీఈ అనే రెండక్షరాలు చూసి ఊరుకోవద్దు. ప్యాడ్ బయటికి తీసి తిప్పి చూడండి. బైక్ మీద మనిషి బొమ్మ, ప్రమాణం నంబరు, లెవెల్ అంకె ముద్రించి ఉండాలి. నంబరు లేని ముద్రకు విలువ లేదు. చాలా జాకెట్లలో వెన్ను జేబులో పెట్టి అమ్మేది ఉత్త స్పాంజి ముక్క.

ఎండ మాటలో నిజముంది. మే నెల మధ్యాహ్నం మందపాటి జాకెట్‌తో గుట్టెక్కితే వడదెబ్బ తగులుతుంది. కానీ అందుకు ఆర్మర్, అంటే ఈ రక్షణ ప్యాడ్లు, మానేయక్కర్లేదు. జాలీ గుడ్డకు ప్యాడ్లు కుట్టిన ఆర్మర్ షర్టు వేసుకుని, పైన పల్చటి జెర్సీ తొడుక్కుంటే గాలి ఆడుతుంది. పొద్దున్నే బయల్దేరి పది గంటలకల్లా తిరిగి రావచ్చు. ప్యాడ్ మీద టీ ప్లస్ అని ఉందేమో కూడా చూడండి, 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షకు నిలిచిందని అర్థం.

డబ్బులు చాలకపోతే ముందు బూట్లు, మోకాలి గార్డులు, తర్వాత ఛాతీకి, వెన్నుకు కొనండి. కొనేటప్పుడు షాపు ముందున్న బండెక్కి ఫుట్‌పెగ్‌ల (పాదాలు పెట్టే కడ్డీల) మీద నిలబడండి, మోకాళ్లు వంచండి, మోచేతి ప్యాడ్ పట్టుకుని తిప్పండి. పక్కకు జారితే, అది ఎంత ఖరీదైనదైనా, చిన్న సైజు అడగండి.