సవరణ: చేపల తొట్టి మీద వేలాడే దీపం

చెన్నైలోని మా ఇంట్లో చేపల తొట్టి మీద దీపం వేలాడదీసిన తీరు రాస్తూ, ఫాల్స్ సీలింగు జిప్సం పలకకు కొక్కెం బిగిస్తే చాలన్నాను. అది తప్పు. పలకకు రంధ్రం చేసి, పైనున్న కాంక్రీటు శ్లాబులో యాంకర్ బోల్టు దించి, దానికే ఉక్కు తీగ కట్టాలి. మా ఎలక్ట్రీషియన్ చెప్పారు. దీపంతో వచ్చిన సూచనల కాగితంలోనూ ఉంది, నేనే చదవలేదు.

బరువు కరెంటు వైరు మీద పడకూడదు. వైరు సాకెట్టు కంటే కిందికి వంపు తిరిగి పైకి ఎక్కాలి. దాని వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఇంకొకటి: అప్పుడు నేను ఊరికే 'ఎనిమిది' అని రాసింది దీపాన్ని రోజుకు వెలిగించే గంటలు. కొందరు దాన్ని దీపం వేలాడే ఎత్తు, అంగుళాల్లో, అనుకున్నారు. కొత్త తొట్టికి ఆరు గంటలైనా చాలు, ఎక్కువైతే నాచు పడుతుంది. కొళత్తూరు (ఇక్కడ పెంపుడు చేపలు అమ్మే పేట) నుంచి చేపలు తెచ్చే ముందే ఈ పని ముగించండి.