ఎక్సెల్ షీటులో విరగ్గాసిన ఖర్జూరం

అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టుల్లో ఖర్జూరం సాగు ఎప్పుడో లాభాల్లో పడింది. పొలంలోకి దిగడమే తరువాయి. ఎనిమిది మీటర్ల ఎడంతో ఎకరానికి 63 మొక్కలు, చెట్టుకు 100 కిలోలు, కిలో 150 రూపాయలు. వెరసి 9,45,000. అనంతపురం రైతు ఇన్నేళ్లూ వేరుశనగనే నమ్ముకోవడానికి కారణం వానలు కాదు, ఎక్సెల్ రాకపోవడం.

రిపోర్టులో ఆ 63 చెట్లూ కాస్తాయి. తాటిలో పోతు, పెంటి ఉంటాయని గీత కార్మికులకు తెలుసు. ఖర్జూరమూ అంతేనన్న ముక్క పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాబట్టి పొలం దాకా రాలేదు. ల్యాబులో చెట్టు కణజాలం నుంచి పెంచే టిష్యూకల్చర్ మొక్క నాలుగు వేల దాకా పలుకుతోంది గనక గింజలు నాటి ఖర్చు తగ్గించాలన్నది మరికొందరి సూచన. మొలిచినవాటిలో దాదాపు సగం పోతులే. ఏవి పోతులో పూత పూసేదాకా, అంటే నాలుగైదేళ్లు, తెలియదు. మిగతా సగం తల్లి చెట్టులా కాయాలన్న నియమమేమీ లేదు.

పరాగ సంపర్కం ఖర్చు కింద సున్నా వేశారు. గాలి ఉచితం కదా. మామూలు తోటలో అయితే పెంటి చెట్టు పూగుత్తి తొడుగు పగిలిన రెండు మూడు రోజుల్లో మనిషి పైకెక్కి, పోతు పూరెమ్మలు రెండు మూడు తీసుకెళ్లి, గుత్తి మధ్యలో తలకిందులుగా దోపి, వదులుగా కట్టాలి. గుత్తులన్నీ ఒకేసారి విచ్చవు కాబట్టి కొన్ని వారాల పాటు అదే చెట్టు మళ్లీ మళ్లీ ఎక్కాలి. మట్టల మొదట్లోని పొడవాటి ముళ్లను ముందే కోసేయకపోతే ఆ కూలీ రెండోసారి రాడు. అదను దాటితే పువ్వుకు మూడేసి చొప్పున గింజలేని గొడ్డు కాయలు వస్తాయి. దీన్ని మూడింతల దిగుబడిగా ఇంకా ఏ రిపోర్టూ చూపకపోవడం వింతే.

నీళ్ల సంగతి సులువు, ఎడారి పంటకు అవేం అక్కర్లేదట. బతకడానికి నిజంగానే పెద్దగా అక్కర్లేదు. కాయాలంటే మాత్రం ఎదిగిన చెట్టుకు ఎండాకాలంలో డ్రిప్పు మీద రోజుకు వంద లీటర్ల పైనే కావాలి.

రకం దగ్గర ఏకాభిప్రాయం: అజ్వా. ధర ఎక్కువ కాబట్టి. అది చెట్టు మీదే మెత్తబడి ఎండాలి, అప్పటికి మన దగ్గర నైరుతి వానలు దిగుతాయి. కాయ పగులుతుంది, పులుస్తుంది, బూజు పడుతుంది. గుజరాత్‌లోని కచ్ రైతులు పచ్చిగా, పసుపు రంగులో ఉండగానే తినగల బర్హీ రకాన్ని ఊరికే ఎంచుకోలేదు.

అమ్మకానికి రంజాన్ మార్కెట్ ఉండనే ఉంది. మన కోతలు జూన్, జులైలలో. 2026 రంజాన్ నెల మొదలు ఫిబ్రవరిలో, చెట్టు పూత మీదుండగా. ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది కాబట్టి పంటకూ ఉపవాసాలకూ మళ్లీ జులైలో లంకె కుదిరేది 2046 ప్రాంతంలో. బ్యాంకు వాయిదాలు అప్పటి నుంచి మొదలుపెట్టాలన్న పేరా ఒక్కటి వైవా లోపు చేర్చుకుంటే చాలు.