సవరణ: బండిని ఆపేది దొర్లుడు ఘర్షణ కాదు

వానల్లో బండ్లు జారడం గురించి రాసిన మొన్నటి పోస్టులో "బ్రేక్ వేస్తే టైరుకీ రోడ్డుకీ మధ్య పనిచేసేది దొర్లుడు ఘర్షణ" అని ఉంది. అక్కడ "స్థైతిక ఘర్షణ" (తాకుతున్న రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారనప్పుడు వాటి మధ్య ఉండే పట్టు) అని చదువుకోవాలి. ఇది పేరు మార్పు మాత్రమే కాదు, ప్రాణాలతో ముడిపడిన తేడా.

చక్రం జారకుండా తిరుగుతున్నంతసేపూ, టైరులో రోడ్డును తాకిన భాగం ఆ క్షణానికి కదలకుండా నిలిచే ఉంటుంది. బండి ఎంత స్పీడులో ఉన్నా అంతే. అందుకే అక్కడ పనిచేసేది స్థైతిక ఘర్షణ. బ్రేక్ ఒక్కసారిగా బిగబట్టేస్తే చక్రం లాక్ అయి, టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. అప్పుడు మిగిలేది జారుడు ఘర్షణ. దాని పట్టు తక్కువ, పైగా హ్యాండిల్ మాట వినదు. చక్రాన్ని ఆ స్థితికి పోనివ్వకుండా చూసేదే ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్). 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త టూవీలర్లన్నిటికీ అది తప్పనిసరి.

హైదరాబాద్‌లో పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ తొలకరి చినుకుల్లో బ్రేక్ వేసేవాళ్లు ఈ లెక్క చూడండి. సమతలంగా ఉన్న పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.7 అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలోని బండి బ్రేక్ పడ్డాక సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. దుమ్మూ ఆయిలూ నీళ్లలో కలిసి గుణకం 0.4కి పడిపోతే దాదాపు 16 మీటర్లు కావాలి. దిగుడులో ఇంకా ఎక్కువే.

దొర్లుడు ఘర్షణ మాత్రం టైరు నొక్కుకుని మళ్లీ సర్దుకునేటప్పుడు పోయే శక్తి వల్ల వచ్చేది. గాలి తగ్గితే అది పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలతో నడిచే మన మెట్రోకి అది చాలా తక్కువ.

పోస్టులో మిగతాదంతా యథాతథం.